పడ్డ మాట

ఆపరేషన్ అయినాక బిక్షపతి నోటినుంచి మొట్టమొదట బయటికొచ్చిన మాట ఒక తిట్టు. అదీ బామ్మర్ది గొంతులో వచ్చింది.

మెడకు చుట్టిన పట్టీ కొస దవడ కింద చర్మాన్ని కొరికింది. అలవాటు కొద్దీ "నీ యవ్వ" అన్నట్టు పెదవులు కదిపాడు. క్యాన్సరని చెప్పి స్వరపేటిక తీసేసినప్పట్నుంచీ పెదవులు కదపడమే తప్ప చప్పుడన్నది లేదు. ఊపిరంతా మెడ కింద పెట్టిన చిల్లులోంచే వచ్చిపోతోంది. ఈసారి మాత్రం పట్టీకున్న బొత్తామంత స్పీకర్లోంచి ఆ తిట్టు ఖంగున పలికింది. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భార్య అనసూయ పకపకా నవ్వింది, ఆ నవ్వు ఆగకముందే ఏడ్చింది. ఏడుస్తూ ఆమె మొగుడివైపు చూడలేదు. అద్దం అవతలి గదిలో కూర్చున్న తమ్ముడివైపు చూసింది.

అక్కడ లింగస్వామి బిస్కట్టు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. వాడి మెడకూ ఇలాంటి పట్టీయే ఉంది. లోపల్నుంచి ఎవరో గొంతు గుప్పిట పట్టుకున్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు. అంతలోనే దగ్గి, సర్దుకుని, అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆ బొటనవేలు చూస్తే బిక్షపతికి ఒళ్ళు మండింది. పరీక్ష పాసైంది తనైతే, మార్కులు వేసేది వాడా అనిపించింది.

ఈ జంట పట్టీని తయారుచేసింది డాక్టర్ తహసీన్. సన్నగా, తెల్లకోటు జేబులో ఎప్పుడూ సోంపు పొట్లంతో ఉండే మనిషి. ఆమె ముందు మామూలు మిషన్ గొంతు వినిపించింది. స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతు అది. బిక్షపతి తల అడ్డంగా ఊపాడు. ఎవరైనా అలాగే ఊపుతారంది ఆమె. పెదవులూ నాలుకా చేసే ఆకారాన్ని పట్టీ చదవగలదు కానీ ఎక్కడ ఊపిరి తీయాలి, ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ బిగబట్టి వదలాలి అన్నది ఏ మిషనూ నేర్వలేదట. అది బతికున్న ఇంకో గొంతులోంచి రావాలి. ఒకరు అరువిస్తారు, ఒకరు మాట్లాడతారు. బిక్షపతి మాట్లాడినంతసేపూ అరువిచ్చినవాడి గొంతు నరాలు ఈ పనిలోనే ఉంటాయి కాబట్టి వాడు మాట్లాడలేడు. ఫోను సిగ్నల్ ఉంటే చాలు, పట్నంలో ఎవరెక్కడున్నా పనిచేస్తుంది. స్విచ్చి మాత్రం బిక్షపతి చేతిలోనే. ఏదైనా జరిగితే పిలవడానికి అతనికి వేరే దారి లేదు కనుక.

అన్న గొంతు కుదర్లేదు. దోస్తుల గొంతులు కుదర్లేదు. అందరికీ పరీక్షలు చేసి చివరికి డాక్టరమ్మ తేల్చిన మాట ఏమిటంటే, "ఈయన దమ్ము ఎవరిలో ఉందో వాళ్ల గొంతే పట్టుతుందమ్మా. మీ తమ్ముడిలో ఈయన నిండా ఉన్నారు."

అనసూయ ఆ మాటకు మురిసిపోయింది. బిక్షపతి మాత్రం దాన్ని వేరేగా విన్నాడు. దొంగతనం సైన్సు ప్రకారం రుజువైంది, అంతే.

*

బిక్షపతికి మల్కాజిగిరిలో ఫ్లైఓవర్ మొదట్లో పంచర్ షాపు. ఏడో తరగతిలో బడి వదిలేసి ట్యూబులు నీళ్ళ తొట్టిలో ముంచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు హిప్‌హాప్ అని పేరు పెట్టి పిల్లలు టోపీలు తిప్పి పెట్టుకుంటున్నారు గానీ, ఆ పేరు తెలియని రోజుల్లోనే ఆ ఫ్లైఓవర్ కింద సాయంత్రాలు ఆటోవాళ్ళూ, హమాలీలూ, పని దొరకని పోరలూ గుండ్రంగా నిలబడేవాళ్ళు. ఒకడు లారీ టైరు మీద రాడ్డుతో తాళం కొడితే, మిగిలినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మాటకు మాట కట్టి విసిరేవాళ్ళు. నేల మీద సుద్దతో గీసిన గీత లోపల ఆట కాబట్టి దాన్ని గిరి అనేవాళ్ళు. గాలి కొట్టేవాడు కనుక బిక్షపతిని ఎవడో ఎగతాళిగా గాలోడన్నాడు. అతను ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నాడు. గాలోడు గిరిలో దిగాడంటే పైన పోయే బండ్ల చప్పుడు కూడా వినబడేది కాదని అప్పటివాళ్ళు చెబుతారు. చెప్పేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది మిగిలారన్నది వేరే సంగతి.

గిరికి నియమాలు పెట్టిందీ అతనే. దమ్ము చాలక ఎవడైనా లైను మధ్యలో ఆగిపోతే మాట పడ్డట్టు. పడేసినవాడు దాన్ని మళ్ళీ ఎత్తుకోకూడదు. వేరేవాడు ఎత్తుకోవాలి. ఎత్తుకునేవాడు ముందు పడేసినవాడి పేరు చెప్పి, ఆ తర్వాతే పాట అందుకోవాలి. పేరు చెప్పకుండా ఎత్తుకున్నవాణ్ణి గిరిలోకి మళ్ళీ రానిచ్చేవాళ్ళు కాదు. ఎందుకంటే అది దొంగతనం.

తల్లి చనిపోయాక అనసూయ తమ్ముణ్ణి వెంట తెచ్చుకుంది. వాడు ఆ ఇంట్లో తిన్నాడు, షాపు అరుగు మీద పడుకున్నాడు, బావ పాట వింటూ పెరిగాడు. బావ ఎక్కడ ఊపిరి తీస్తే వాడూ అక్కడే తీశాడు. ఇప్పుడు వాడి పేరు లింగో. లింగస్వామి అంటే జనానికి నోరు తిరగదట. షాపు ఎదురుగా ఉన్న ఫ్లైఓవర్ స్తంభం మీద వాడి బొమ్మ ఎవరో రంగులతో వేశారు, మనిషికి మూడింతలు ఎత్తున. బిక్షపతి పొద్దున షట్టర్ ఎత్తితే ముందు కనిపించేది ఆ మొహమే. గాలి కొట్టించుకోవడానికి వచ్చే పిల్లలు ట్యూబు వంక చూడరు, "అన్నా, నువ్వు లింగో వాళ్ళ బావవటగా" అని అడుగుతారు. ఆ "వాళ్ళ బావ" అన్నది అతని ఒంటి మీద సొల్యూషన్ జిగురులా అంటుకుని ఎంత తుడిచినా పోలేదు.

అన్నిటికంటే లోపల గుచ్చుకున్నది వేరే. వాడు స్టేజీ మీద అందరి పేర్లూ చెబుతాడు. చచ్చిన తల్లి పేరు, బస్తీ పేరు, బీట్ చేసినవాడి పేరు, చాయ్ పోసినవాడి పేరు. ఇన్నేళ్ళలో గాలోడు అన్న మాట ఒక్కసారి చెప్పలేదు. బిక్షపతి ప్రతి వీడియో చివరిదాకా చూశాడు. పేరు వస్తుందేమోనని చూశాడు, రాలేదని తెలిసి తృప్తిగా తిట్టుకోవడానికి కూడా చూశాడు.

*

గొంతు వచ్చిన వారానికే ఇంట్లో తేడా తెలిసింది.

అనసూయ పొయ్యి దగ్గర నిలబడి పోపు వేస్తోంది. బిక్షపతి గడప దగ్గర ఆగి, ఎన్నాళ్ళకో ఆమె పేరు పెట్టి పిలుద్దామని ముచ్చటపడ్డాడు. స్విచ్చి నొక్కి "అనసూయా" అన్నాడు.

"ఏందిరా, ఎప్పుడొచ్చినవ్?" అందామె వెనక్కి తిరగకుండానే.

తర్వాత తిరిగింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. బిక్షపతి మొహం చూసి, మాడుతున్న పోపు దించింది. మర్నాడు ఆమే చెప్పింది, నేల చూస్తూ. షాపులో ఎంతైనా మాట్లాడుకోమంది, ఇంట్లో మాత్రం అది వద్దంది. "నువ్వు దగ్గరికొచ్చి మాట్లాడితే నాకు తమ్ముడు మాట్లాడినట్టే ఉంటది. నాకు పానం ఒప్పుతలేదు. ఏమనుకోకు."

ఏమనుకోకు అంటే అనుకోకుండా ఉండే మనిషి కాడు బిక్షపతి. గొంతు వాడిదే, జనం వాడి వెంటే, ఇప్పుడు ఇంట్లో పెళ్ళాం కూడా తనను వాడనుకుని పలుకుతోంది. అనసూయ అంటే అసూయ లేనిదని అర్థం. ఆమె పేరు లేదన్న ఆ వస్తువే ఆ ఇంటి గోడలకు చెమ్మలా పాకింది.

ఒప్పందం ప్రకారం లింగస్వామి మధ్యాహ్నం దాకా పట్టీ పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత వాడి గొంతు వాడిది. కానీ వాడు తీసేవాడు కాదు. అక్కకు ఏమన్నా అయితే బావ ఫోన్ చేయాలి కదా అని రోజంతా ఉంచుకునేవాడు. ఆ సంగతి బిక్షపతికి ఎలా తెలిసిందంటే, ఒక సాయంత్రం వాల్వు పాడైందని ఒప్పుకోని కస్టమరుతో గొడవపడి, మాటలు దొరికిన సంబరంలో కాస్త ఎక్కువే మాట్లాడాడు. మర్నాడు లింగస్వామి బండి షాపు ముందు ఆపి, టైరు మీద కూర్చున్నాడు.

"బావా, నిన్న రికార్డింగుల ఉంటే నా నోట్లకెల్లి మాట గుంజుకపోయినవ్ గదనే. ఎవలతోని పంచాది?"

"నీ పాట ఇంటే టైరుకు సుత నిద్రొస్తది. నేను గుంజుకున్నదే మంచిదాయె" అన్నాడు బిక్షపతి. స్విచ్చి నొక్కి ఉంది కాబట్టి ఆ మాట వాడి గొంతులోనే వచ్చింది. నవ్వబోయిన లింగస్వామికి నవ్వు రాలేదు, గొంతు ఖాళీగా లేదు మరి. చప్పుడు లేకుండా భుజాలు మాత్రం కదిలాయి. బావ చెయ్యి తీశాక అప్పుడు నవ్వాడు పాపం, ఆలస్యంగా.

బావాబామ్మర్దుల ఎకసక్కెం అలాగే నడుస్తుంది. కానీ ఆ రోజు వాడు వెళ్ళిపోయాక బిక్షపతి చేతిలో స్విచ్చిని చాలాసేపు చూశాడు. వేలెడంత ముక్క. దీన్ని నొక్కితే పట్నం ఆ చివర ఉన్న లింగో నోరు మూతపడుతుంది.

అక్కణ్ణుంచి మొదలైంది. లింగస్వామి ఫోన్లో లైవ్ పెట్టినప్పుడల్లా బిక్షపతి షాపులో కూర్చుని చూసేవాడు. వాడు ఊపందుకున్నాడనగా స్విచ్చి నొక్కి, గోడకు వేలాడే ట్యూబుల సైజులు పైకి చదివేవాడు. ఫోన్లో వాడి దవడ బిగుసుకునేది. పెదవులు ఆడేవి, మాట ఉండేది కాదు. బిక్షపతి వేలు తీసేదాకా వాడు అలాగే తాళానికి తల ఊపుతూ నిలబడేవాడు. ఎవడు నొక్కుతున్నాడో వాడికి తెలియక కాదు. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే జవాబు చెప్పడానికి బిక్షపతి సిద్ధంగా ఉన్నాడు, వాడు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

పైగా జరిగిందేమిటంటే, జనానికి అది నచ్చింది. పాట మధ్యలో గతుక్కుమని ఆగి, బిగబట్టి, మళ్ళీ అందుకోవడం కొత్త స్టైలనుకున్నారు. దానికి లింగో గ్యాప్ అని పేరు పెట్టారు. చిన్న పిల్లలు కూడా స్తంభాల దగ్గర నిలబడి అలా ఆగి ఆగి పాడడం మొదలుపెట్టారు. వాడి నోరు మూసింది తనైతే దానికీ చప్పట్లు వాడికే పడ్డాయి. ఆ రోజు బిక్షపతి ట్యూబుకు వేసిన ప్యాచీ వంకరపోయింది. అలాంటిది అతని చేతిలో ఎప్పుడూ జరగలేదు.

*

డాక్టర్ తహసీన్ ఇద్దర్నీ పిలిపించింది. లింగస్వామి గొంతులోకి గొట్టం దించి తెర మీద చూపించింది. ఎర్రగా, ఉబ్బి, రెండు తొనలు ఒకదానికొకటి సరిగ్గా ఆనకుండా ఉన్నాయి. ఒక గొంతు ఇద్దరి పని చేస్తే ఇలాగే అవుతుందని తను ముందు అనుకోలేదంది. ఆ తప్పు తనదేనని ఒప్పుకుంది. ఇంకొన్నాళ్ళు సాగితే ఇతనికి పాటే కాదు, మామూలు మాట కూడా బొంగురుపోయి అలాగే ఉండిపోతుందంది.

"ఇంతగా ఎప్పుడు మాట్లాడుతున్నారు మీరు?" అని బిక్షపతిని అడిగింది.

కస్టమర్లు ఎక్కువయ్యారన్నాడు.

లింగస్వామి అతనివైపు చూడకుండానే, బావకు మాట ఉండాలి కదా మేడం, ఇంకొంచెం సాగనివ్వండన్నాడు. జీర గొంతుతో అన్నాడు. అనసూయ తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది. బిక్షపతికి ఆ చెయ్యి కనిపించింది, మాట వినిపించింది. చివరికి దయ కూడా వాడే చూపించాలి. తను తీసుకునేవాడుగా ఉండాలి.

డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఆదివారం ఫ్లైఓవర్ కింద జరిగే బస్తీ జాతరలో లింగో పాడాలని ఆమెకూ తెలుసు. అది అయిన మర్నాడు రెండు పట్టీలూ తీసేస్తానంది. ఈలోగా పొద్దున పూట కొద్దిసేపు చాలు. స్టేజీ ఎక్కినప్పుడు మాత్రం పట్టీ మెడకు ఉండనే కూడదు. బిక్షపతికి కొత్త మిషన్ ఏదైనా వచ్చేదాకా ఆ స్టేషన్ గొంతే దిక్కు, లేదంటే మౌనం.

బయటికొచ్చాక లింగస్వామి, "బావా, జాతరకు రావాలె. ముందటనే కూసోవాలె" అన్నాడు.

బిక్షపతి స్విచ్చి నొక్కలేదు. తల మాత్రం ఊపాడు. ఆదివారం తర్వాత తనకు గొంతు ఉండదు. ఈ లోపల తన పేరు వాడి నోట ఒక్కసారి వినాలి. వినకపోతే వాడి మాట వాడి జనం ముందే పడెయ్యాలి. రెండింట్లో ఏది కావాలో అతనికే తేలలేదు. ఆదివారం దాకా తేల్చుకోకుండానే గడిపాడు.

*

ఎండ దిగకముందే ఫ్లైఓవర్ కింద నిండిపోయింది. స్తంభాలకు పిల్లలు కొత్తగా బొమ్మలు వేశారు. పాత ఫ్లెక్సీలు తిరగేసి పరిచి, వాటి మీద తల కింద పెట్టి గిరగిర తిరుగుతున్నారు. బస్తీ ఆడవాళ్ళు సర్వపిండి పెనాలు దించారు. డప్పుల వాళ్ళు గడ్డి మంట మీద డప్పులు కాచుకుంటున్నారు. వెనకటి గిరిలో తాళం కొట్టిన గఫార్ కూడా వచ్చాడు. గడ్డం తెల్లబడింది గానీ చేతిలో టైరు రాడ్డు మాత్రం పాతదే. ఎవరో నేల మీద సుద్దతో పెద్ద గిరి గీశారు. ఇవాళ స్టేజీ అదే.

బిక్షపతి ముందు కూర్చోలేదు. తన షాపులోని చెక్కడబ్బా తెచ్చుకుని, లింగో బొమ్మ ఉన్న స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అక్కడైతే ఆ మొహం వెనకవైపు ఉంటుంది, కనిపించదు. పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడ్డారు. అనసూయ స్టేజీ దగ్గర ఆడవాళ్ళతో ఉంది.

లింగస్వామి రాగానే లేచిన కేకలకు పైన వాలిన పావురాలు ఎగిరిపోయాయి. లైటు వాడి మీద పడింది. మెడకు పట్టీ ఉంది.

"ఆయన మెడకు చూసినవా, ఎవరో మూగాయనకు గొంతు ఇచ్చిండంట" అంది ఒకమ్మాయి. రెండోది "ఎంత మంచోడే" అంది. ఆ మూగాయన వాళ్ళ మోచేతికి తగిలేంత దగ్గరలో కూర్చుని ఉన్నాడు.

డాక్టరమ్మ వద్దని చెప్పినా కట్టుకొచ్చాడు. ఎందుకు కట్టుకొచ్చాడో బిక్షపతికి ఇంకెవరూ చెప్పక్కర్లేదనిపించింది. దానం చేసిన చెయ్యి పదిమందికీ చూపించాలి కదా. ఇన్నాళ్ళూ లోపల కుమిలిందంతా వచ్చి బొటనవేలిలో చేరింది.

పాటలు అయ్యాయి. గఫార్ టైరు మీద రాడ్డు వేశాడు, పాత తాళం. బిక్షపతి కాలు దానంతటదే ఆడింది. లింగస్వామి బీట్ ఆపించి, ఆ తాళం ఒక్కదాని మీద జీర గొంతుతో ఎత్తుకున్నాడు.

"అక్క ఇంట్ల తిన్నోడు, అరుగు మీద పన్నోడు,
పక్కనుండి పాట నేర్చి పట్నమంత తిరిగినోడు..."

ఇంటి గుట్టు బజార్లో పెడుతున్నాడనుకున్నాడు బిక్షపతి. తిన్న తిండి, పడుకున్న అరుగు, అన్నీ వాడికి పాటకు సరుకే.

"దిక్కులేని పోరని రొమ్ముల దమ్ము ఊదినోడు,
చెక్కడబ్బ మీద కూసొని పంచరేసే..."

నొక్కాడు.

మాట తెగిపోయింది. లింగస్వామి నోరు తెరిచి ఉంది. కుడిచెయ్యి అప్పటికే పైకి లేచి, జనం తలల మీదుగా, స్తంభం మొదట్లో చెక్కడబ్బా మీద కూర్చున్న మనిషివైపు చాచి ఉంది. ఆ చెయ్యి అలాగే ఆగింది.

అప్పుడు తాళం మాత్రం నడుస్తుండగా, బిక్షపతి బుర్రలో పాట దానంతటదే ముందుకు పోయింది. ఎన్నేళ్ళ అలవాటో మరి. అక్క, పక్క, దిక్కు, చెక్క. తిన్నోడు, పన్నోడు, తిరిగినోడు, ఊదినోడు. పంచరేసే తర్వాత పట్టే మాట ఒక్కటే ఉంది. అది ఇన్నేళ్ళూ ప్రతి వీడియో చివర తను వెతికిన మాట. వాడి నాలుక మీదకి వచ్చిన దాన్ని తనే గొంతులో తొక్కేశాడు.

వేలు తీసెయ్యబోయాడు. తీస్తే వాడు చెబుతాడు. కానీ అంతలోనే గఫార్ రాడ్డు పైకెత్తి, పాత గిరిలో అరిచినట్టు, "మాట పడ్డది" అన్నాడు. ముందు వరసలోవాళ్ళు కొందరు అందుకున్నారు, మిగతా జనమంతా వాళ్ళను చూసి అందుకున్నారు. మాట పడ్డది, మాట పడ్డది. ఇక పడేసినవాడు దాన్ని ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది ఎవరో లింగస్వామికి తెలుసు. వాడు నోరు మూసి, చాచిన చెయ్యి దించకుండా, రెండడుగులు వెనక్కి వేసి గిరి గీత మీద నిలబడ్డాడు.

అనసూయ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఎవరి చేతిలోంచో లాక్కున్న మైకు ఆమె చేతిలో ఉంది. మొగుడి వేలు స్విచ్చి మీద ఉండడం చూసింది. మైకు తెచ్చి అతని మెడ దగ్గర, ఆ బొత్తాం స్పీకరుకు ఆనించి పట్టుకుంది.

ఎత్తుకునేవాడు ముందు పడేసినవాడి పేరు చెప్పాలి.

బిక్షపతి పెదవులు కదిలాయి. "లింగస్వామి" అన్న మాట సౌండు పెట్టెల్లోంచి ఫ్లైఓవర్ కింద ఆ చివర దాకా మోగింది, లింగస్వామి గొంతులోనే. జనం ఊగిపోయారు. వెనకున్నవాళ్ళకు స్తంభం దగ్గర జరిగేది కనబడదు. లింగో తన పేరు తనే చెప్పుకున్నాడనుకుని ఈలలు వేశారు.

ఇక పాట అందుకోవాలి. "పంచరేసే..." అన్నాడు బిక్షపతి.

అక్కడ ఆగింది. పట్టే మాట ఒక్కటే. దాన్ని తన నోటితో తను చెప్పుకుంటే దానికి అర్థం లేదు, అది ఎవరైనా కొట్టుకునే సొంత డబ్బా. వేరే మాట వెతికాడు. గిరిలో ఎన్నడూ మాట తడుముకోని మనిషికి ఒక్కటి దొరకలేదు. తాళం తిరిగి వచ్చింది, మళ్ళీ తిరిగి వచ్చింది. అతను "పంచరేసే" దగ్గరే ఉన్నాడు.

జనానికి అదో ఆట అనిపించింది. ఎవడో "పిల్లోడు" అని అరిచాడు. ఇంకొకడు "బక్కోడు" అన్నాడు. ఆడవాళ్ళ గుంపులోంచి "ముసలోడు" అని వచ్చింది, నవ్వులు లేచాయి. కాలేజీ అమ్మాయి కూడా చేతులు నోటికి ఆనించి ఏదో అరిచింది. అన్ని గొంతుల్లో అన్ని మాటలు వచ్చాయి. ఒక్కటి రాలేదు. ఎందుకంటే వాళ్ళెవరికీ అది తెలియదు. గఫారుకు తెలుసు, కానీ రాడ్డు వేసేవాడు మాట అందించకూడదు. అదీ బిక్షపతి పెట్టిన నియమమే.

అనసూయ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, అతనికి మాత్రమే వినబడేలా అంది. "నీ పేరు చెప్పి, అటు మీద పాట నీకే ఇడుస్తనన్నడు. అందుకే కట్టుకొచ్చిండు ఆ పట్టీ. ఊకనే థాంక్స్ చెప్తే పేరు కాదక్కా, పాటల పెట్టాలె అని ఇన్నొద్దుల సంది ఈ పాట కడుతుండె." మైకు దించి, "వేలు తియ్యి" అంది.

తీశాడు.

*

మర్నాడు డాక్టర్ తహసీన్ రెండు పట్టీలూ తీసేసింది. తీసేముందు ఏమైనా చెప్పుకుంటారా అని అడిగింది. బావాబామ్మర్దులు ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. బిక్షపతి స్విచ్చి మీద వేలు పెట్టాడు. చెప్పాల్సింది ఉంది. కానీ అది వాడి గొంతులోనే చెప్పాలి, వాడు చెప్పుకున్నట్టే వినబడుతుంది. వేలు తీసేసి, చాలన్నట్టు చెయ్యి ఊపాడు.

లింగస్వామి చాలా రోజులు నోరు తెరవలేదు. తెరిచాక గొంతులో కొంచెం బొంగురు మిగిలిపోయింది. పాట పైకి ఎత్తుకున్నచోట చీలుతుంది. జనం దానికీ పడి చచ్చారు. ఆ బొంగురు కూడా వాడికే కలిసొచ్చిందని బిక్షపతి అనుకున్నాడు. అనుకున్నందుకు కొంచెం సిగ్గుపడ్డాడు గానీ, అనుకోవడం మానలేదు.

ఆ పాట ఇప్పుడు అందరికీ వచ్చు. లింగో ఎక్కడ పాడినా "పంచరేసే" దగ్గరికి వచ్చి ఆగుతాడు. చెయ్యి మాత్రం ముందుకు చాస్తాడు. పడ్డ మాట పడ్డచోటనే ఉంది, తను ఎత్తుకుంటే గిరి నియమం తప్పినట్టవుతుంది, బావ వచ్చి ఎత్తుకోవాల్సిందే అని అక్కతో అన్నాడట. జనం ఆ ఖాళీలో వాళ్ళకు తోచిన పేరు అరుస్తారు. ప్రతి ఊళ్ళో వేరే పేరు. ఆ ఖాళీ కోసమే పాట పెట్టించుకునేవాళ్ళున్నారు.

ఒక మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. వెనక టైరు కాస్త దిగిందన్నా, చూడమన్నాడు డ్రైవరు. బిక్షపతి పైపు తీసి వాల్వుకు పెట్టాడు. ఆటోలో ఆ పాటే మోగుతోంది, ఎక్కడో పెద్ద గ్రౌండులో పాడిన రికార్డింగు. అక్క, పక్క, దిక్కు. డ్రైవరు స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు. చెక్కడబ్బ మీద కూసొని పంచరేసే... అని ఆగింది.

"బక్కోడు" అని అరిచి నవ్వాడు డ్రైవరు.

టైరు మీదకు వంగి ఉన్న బిక్షపతి పెదవులు ఆ ఖాళీలో కదిలాయి. సరిగ్గా తాళానికి, ఎక్కడ ఒత్తాలో అక్కడ ఒత్తి. మెడ కింద చిల్లులోంచి ఉస్సుమని ఊపిరి పోయింది, అంతే. కంప్రెసర్ చప్పుడులో అదీ వినిపించలేదు. తాళం ముందుకు వెళ్ళిపోయింది.

"గాలి సరిపోయిందా అన్నా?" అని అడిగాడు ఆటోవాడు.

బిక్షపతి తల ఊపాడు.